టీ ఒలకని రోజు

శ్రీమతి ఫెవ్రోనియా యెగోరొవ్నా గొరోఖొవా గారు తారిన్నాఖ్ విమానాశ్రయ నిర్వహణ విభాగంలో నేల పరిశీలక ఇంజనీరుగా 1984వ సంవత్సరం సెప్టెంబరు 9వ తేదీన విధుల్లో చేరారు. ఇంతవరకు రాసి, నిశ్చింతగా తరువాతి వాక్యానికి వెళ్లిపోదామనుకున్నాను. కానీ అది నియామక ఉత్తర్వు మీది తేదీ మాత్రమే. ఆమె పడవ దిగింది సెప్టెంబరు 26న అని రేవు పుస్తకం అంటోంది. హాజరు పట్టీలో తొలి సంతకం అక్టోబరు 1న ఉంది. అదీ పెన్సిలుతో, సిరా గడ్డకట్టినందున అన్న వివరణతో. మూడు తేదీల మధ్య ఏది నిజమో తేలక ఆమెనే అడిగాను.

“ఆ ఏడు నేల గడ్డకట్టింది అక్టోబరు నాలుగున. అప్పటిదాకా నాకిక్కడ పనేముంది? నాలుగే రాసుకో,” అన్నారు.

కనుక ఈ నాలుగింటిలో తమకు నచ్చిన తేదీని పాఠక మహాశయులు స్వీకరించవచ్చు. నేను మాత్రం మొదటి వాక్యంలోనే దారి తప్పాను.

ఫెవ్రోనియా గారి పదవీ విరమణ సన్మానానికి తెస్తున్న ఈ సంచిక బాధ్యత చూస్తున్న అన్ఫీసా గారు నాకు మూడు షరతులు పెట్టారు. కాలక్రమం తప్పకూడదు. ఒక సరదా సంఘటన ఉండాలి. 2008 సంగతి ఎత్తకూడదు. మొదటి రెంటినీ పాటిస్తాను. మూడో దాన్నీ పాటిద్దామనే నిన్నటి ఉదయం దాకా అనుకున్నాను. ఆ ఏడు మే నెలలో ఫెవ్రోనియా గారు మా రన్‌వేను పదకొండు రోజులు మూసివేశారు. ఆ పదకొండు రోజుల్లోనే, ఇక్కడికి ఆరువందల కిలోమీటర్ల దూరాన, యాకుత్స్క్ నగర ఆసుపత్రిలో మా అన్న ఖరితోన్ నా కోసం ఎదురుచూస్తూ కన్నుమూశాడు. ఆమె ఎందుకు మూశారన్నది పదేళ్లుగా నన్ను తొలిచేస్తున్న ప్రశ్న. నిన్న దానికి జవాబు దొరికింది. జవాబు దొరికితే అయోమయం పోవాలి కదా, నాకు రెట్టింపయింది. అందుచేత అన్ఫీసా గారు క్షమించాలి.

విల్యూయ్ నది తీరాన పశువుల పెంపకందారుల ఇంట పుట్టి, యాకుత్స్క్‌లో నేల శాస్త్రం అభ్యసించి, ఇరవై నాలుగేళ్ల వయసులో ఇక్కడ అడుగుపెట్టిన ఫెవ్రోనియా గారికి, ఆనాడు విభాగం అప్పగించిన సామగ్రి ఒక ఇనుప చువ్వ, ఒక పాత ట్రక్కు, కాంక్రీటు పలకలు పరిచిన పదహారు వందల మీటర్ల రన్‌వే. రన్‌వే ఎక్కడెక్కడ పొంగిందో కొలిచే యంత్రం లేదు. శీతాకాలంలో పైనేల గడ్డకడుతూ కింది తేమను పైకి లాక్కుంటుంది. ఆ తేమ మంచు పొరలుగా పేరుకుంటుంది, నేల పొంగుతుంది, పలకలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఎగుడుదిగుడుగా లేస్తాయి. ఎక్కడ ఎంత లేచిందో తెలియకుండా విమానాన్ని దింపలేము. అప్పుడామె, నేటికీ మా విభాగంలో చెల్లుబాటవుతున్న పద్ధతిని ప్రవేశపెట్టారు. కప్పు నిండా, అంచు దాకా పాలు పోసిన టీని ట్రక్కు లోపల స్టీరింగు ముందరి చెక్క మీద పెట్టుకుని, ఒకే వేగంతో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపించేవారు. టీ ఒలికిన చోట ఎర్ర జెండా పాతేవారు.

1996లో రాజధాని నుంచి ఒక కమిషను కొత్త కొలత యంత్రంతో వచ్చింది. యంత్రం పంతొమ్మిది చోట్ల లోపం చూపింది. కప్పు ఇరవై ఒక్క చోట్ల ఒలికింది. యంత్రం చూపని ఆ రెండు చోట్లా టీ కమిషను అధ్యక్షుల వారి ఒళ్లో పడినందున, చర్చ లేకుండా ఆ రెంటినీ నివేదికలో చేర్చారు.

నేను, అనగా ప్రోకోపీ తారాబుకిన్ అను ఈ వ్యాసకర్త, 2002 శరత్తులో ఆమెకు సహాయకుడిగా చేరాను. ఆమెను అక్కా అని పిలవమని ఎవరూ చెప్పలేదు. మొదటి రోజే నా చేతి తొడుగులు చూసి, “ఇవి తొడుక్కుంటే సాయంత్రానికి వేళ్లు లెక్కెట్టుకోవాలి,” అని తన కుందేలు తోలు తొడుగులు నా మీదికి విసిరారు. అటువంటి మనిషిని ఇంకేమని పిలుస్తారు?

మొదటి వసంతంలోనే ఆమె పద్ధతి నా బుర్రకు ఎక్కలేదు. ఫిబ్రవరిలో కప్పు పది చోట్ల ఒలికినా “తెరిచి ఉంచవచ్చు” అని రాసేవారు. మే నెలలో చుక్క ఒలక్కుండా ట్రక్కు సాఫీగా సాగిపోతే “మూసివేయవలెను” అని రాసేవారు. మర్యాద పక్కన పెట్టి అడిగేశాను.

“ఎగిరెగిరి పడేది మంచి రన్‌వే, అద్దంలా ఉన్నది చెడ్డదీనా అక్కా?”

“ఫిబ్రవరిలో పొంగింది గానీ మెత్తబడలేదు కదా. రాయిలా ఉంటది. కుదుపుకి నీ పళ్లు కదులుతాయి, చక్రం మాత్రం దిగదు. మేలో పైన మంచు కరుగుద్ది, పలకలు మళ్లీ సాపుగా కూర్చుంటాయి. కిందేమో ఇంకా గడ్డే. మరి నీళ్లెక్కడికి పోతాయి?”

“ఎక్కడికి పోతాయి?”

“ఎక్కడికీ పోవు. అదే గొడవ. పైన మీగడ, కింద జావ. మీగడ మీద విమానం దింపుతావా?”

దింపనన్నాను. అర్థమయిందని మాత్రం అనలేదు. కప్పు చెప్పేది శీతాకాలపు సంగతి, చువ్వ చెప్పేది వసంతపు సంగతి అని తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. అంచు పక్కన నేలలోకి, మధ్యలో పలకల సందుల్లోకి చువ్వ గుచ్చుతారు. దాని మీద జానెడుకొకటి చొప్పున గంట్లు కొట్టి ఉంటాయి. ఎన్ని గంట్లు బురదలో దిగిందో చూస్తారు. ఏటా మే నెలలో రెండు మూడు రోజులు మూయడం మాకు మామూలే.

ఇక సరదా సంఘటన. అదీ ఆ తొలి ఏటిదే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఫెవ్రోనియా గారు శిక్షణ నిమిత్తం యాకుత్స్క్ వెళ్లారు. రన్‌వే మీది మంచును యంత్రం దూరంగా చిమ్మేది. ఎడమ అంచున నలభయ్యో పలక దగ్గర అది చెడిపోయింది. అక్కడి నుంచి యాభై రెండో పలక దాకా నేను పార పట్టాను. చలికాలం రాగానే మా ఇళ్ల గోడల చుట్టూ, ఆవుల కొట్టం చుట్టూ నడుమెత్తున మంచు పోసి అదిమిపెట్టడం మాకు పసితనం నుంచీ అలవాటు. లోపల వెచ్చగా ఉంటుంది. నా చేతులకు తెలిసిన పని అదే. పలకల పక్కనే, నేల మీద, నడుమెత్తు గోడ కట్టి, అంచులు చెక్కి, నున్నగా తీర్చాను. దాని పక్కన నిలబడి ఫొటో తీయించుకుని మా అన్న ఖరితోన్‌కు పంపాను కూడా. నాకు గుర్రం ఎక్కడం, పార పట్టడం రెండూ నేర్పింది అతనే. ఫిబ్రవరిలో ఫెవ్రోనియా గారు తిరిగివచ్చి చూశారు.

“ఏంటిది?”

“గోడ అక్కా. అంచుకి చలి తగలకుండా.”

“రన్‌వేకి చలేస్తోందని నీతో ఎవరన్నారు?”

“మైనస్ నలభై ఎనిమిది కదా అక్కా. దేనికైనా చలే.”

ఆమె మంచు మీదే కూర్చుండిపోయి, కళ్లమ్మట నీళ్లు వచ్చి రెప్పల మీద గడ్డకట్టేదాకా నవ్వారు. “పిచ్చి తమ్ముడూ, చలే దాని ప్రాణంరా. ఎంత చలేస్తే అంత గట్టిగా ఉంటది. నువ్వు దుప్పటి కప్పి కూచోబెట్టావు.”

ఇద్దరం రెండు రోజులు పారలతో ఆ గోడ తీశాం. రన్‌వేకు మేజోళ్లు ఎప్పుడు అల్లుతావని విభాగమంతా నన్ను ఏళ్ల తరబడి ఏడిపించింది. “తీసేశాంగా, ఇంక మర్చిపో,” అన్నారు ఆమె. నేను మరచిపోయాను. అయితే ఆ వసంతం నుంచి ఒక కొత్త ఏర్పాటు వచ్చింది. చువ్వ పరీక్షలో కుడి అంచు నాకు అప్పగించి, “ఎడమ అంచు నేను చూసుకుంటా,” అనేవారు. ఒక్క ఏడు కూడా నన్ను అటు పంపలేదు. నా మీద నమ్మకం లేదు కాబోలనుకుని కొంచెం నొచ్చుకున్నాను.

2008 మే 19. శీతాకాలంలో లారీలు తిరిగే మంచుబాట అప్పటికే కరిగిపోయింది. నదిలో మంచుగడ్డలు దొర్లుతున్నాయి. హెలికాప్టర్లన్నీ వరద పనికి కింది జిల్లాలకు వెళ్లాయి. అన్న పరిస్థితి బాగోలేదని, నన్ను చూడాలంటున్నాడని ఆసుపత్రి నుంచి కబురు. మర్నాటి విమానానికి నా చేతిలో టికెట్టు ఉంది. ఆ ఉదయం ట్రక్కు నేను నడిపాను, కప్పు ముందు పెట్టుకుని ఆమె పక్కన కూర్చున్నారు. ఒక్క చుక్క ఒలకలేదు. నా కుడి అంచు గట్టిగానే ఉంది. ఆమె ఒక్కరే ఎడమ అంచుకు నడిచి వెళ్లి, మోకాళ్ల దాకా బురదతో తిరిగివచ్చి, మూసివేత కాగితం తీశారు.

“చుక్క ఒలకలేదు అక్కా. నువ్వే చూశావు.”

“చూశా.”

“మధ్యలో గట్టిగా ఉంది. చిన్న విమానం, మధ్యలోనే దిగుద్ది.”

“గాలి పక్కకి నెడితే?”

“గాలెక్కడుంది?”

“ఇప్పుడైతే లేదు.”

“మా అన్న పోతాడక్కా.”

ఆమె కాగితాన్ని మోకాలి మీద పరుచుకున్నారు. “తెలుసు,” అని సంతకం పెట్టారు.

అన్న 24న పోయాడు. రన్‌వే 30న తెరిచారు. అతన్ని మట్టిలో పెట్టిన వారానికి నేను అక్కడికి చేరాను. ఆ పదకొండు రోజుల్లో ఏ ప్రమాదమూ జరగలేదు, ఎందుకంటే ఏ విమానమూ దిగలేదు. తెరిచి ఉంటే జరిగేదా లేదా అన్నది ఎవరూ ఎప్పటికీ చూపించలేని సంగతి. నేను తిరిగి పనిలో చేరి, ఆమెను ఫెవ్రోనియా యెగోరొవ్నా గారూ అని పిలవడం మొదలుపెట్టాను. చువ్వ ఇదిగోనండి. నివేదిక సిద్ధమండి. ఇట్లా పదేళ్లు. ఆమె ఒక్కసారి కూడా కారణం అడగలేదు.

ఆ పదేళ్లలోనే ఆమె సేవ పరాకాష్ఠకు చేరిందని కాలక్రమంలో చెప్పడం నా ధర్మం. 2010లో అంచుల వెంట నీరు పారే కాలువలు తవ్వించారు. 2013లో ఎండ వేడిని తిప్పికొట్టేందుకు పలకలకు తెల్ల రంగు వేయించారు. పదకొండు మంది యువ ఇంజనీర్లకు కప్పు పట్టుకోవడం నేర్పారు. ఏటా వసంతపు మూసివేత ముగిసి రన్‌వే తెరిచిన ఉదయాన, నేలకు కృతజ్ఞతగా రన్‌వే చివర ఒక వేడి అట్టు పెట్టేవారు. ఇంకొకటి కాగితంలో చుట్టి నా బల్ల మీద పెట్టి వెళ్లేవారు. దాన్ని నేను కుక్కకు వేసేవాణ్ణి. అది నీచమైన పని అని ఇక్కడ అచ్చులో ఒప్పుకుంటున్నాను.

గత మూడేళ్లుగా ఆమె రెండు కళ్లకూ పొరలు కమ్మాయి. చువ్వ మీది గంట్లను బొటనవేలితో తడిమి లెక్కపెట్టేవారు. ఎనిమిది నెలలు వరుసలో వేచి ఉన్నాక ఈ మే 18న యాకుత్స్క్‌లో శస్త్రచికిత్సకు తేదీ దొరికింది. 14న ఈ సన్మానం, 15న విమానం. మొన్న, 11న, చువ్వనూ కప్పునూ సంతకం చేసి నాకు అప్పగించారు. రన్‌వే తెరవడమా మూయడమా అన్న బాధ్యత ఆ క్షణం నుంచి నాది.

నిన్న ఉదయం ట్రక్కులో ఒక్కణ్ణే బయలుదేరాను. పదహారు వందల మీటర్లు నడిపాను. టీ కప్పులో కదలనైనా కదల్లేదు. మధ్య వరుస గట్టిగా ఉంది. కుడి అంచు గట్టిగా ఉంది. తరువాత, పదహారేళ్ల ఉద్యోగంలో మొదటిసారి చువ్వ పట్టుకుని ఎడమ అంచుకు నడిచాను. నలభయ్యో పలక దగ్గర చువ్వ ఏడు గంట్లు దిగింది. యాభై రెండో పలక దాకా గుచ్చుకుంటూ పోయాను, అంతటా ఏడే. చిన్న విమానం, మధ్యలోనే దిగుతుంది, గాలి లేదు అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. ఈ మాటలు ఎక్కడో విన్నట్టుందే అనిపించింది. అవి నావే.

మూసివేత కాగితం మీద సంతకం పెట్టి ఆఫీసుకు వెళ్లాను. ఆమె ముప్పై నాలుగేళ్ల నోట్‌బుక్కులను పెట్టెల్లో సర్దుతున్నారు.

“మూసేశానండి, ఫెవ్రోనియా యెగోరొవ్నా గారూ.”

“టీ ఒలికిందా?”

“ఒలకలేదు.”

“చువ్వ ఎక్కడ దిగింది?”

“ఎడమ అంచు. నలభై నుంచి యాభై రెండు దాకా. ఏడు గంట్లు.”

ఆమె చేతిలోని నోట్‌బుక్కును పెట్టెలో పెట్టేశారు. నేనే మళ్లీ అందుకున్నాను. “ఏడు గంట్ల బురద గట్టిపడడానికి పది రోజులైనా పడుతుంది. పద్దెనిమిదిన మీ ఆపరేషన్. ఎనిమిది నెలలు ఆగారు. అది తెలిసే మూశానండి. తప్పు చేశానో ఒప్పు చేశానో నాకు తెలియట్లేదు.”

ఆమె పెట్టెలో చేయి పెట్టి, అట్టలు తడిమి, ఒక నోట్‌బుక్కు లాగి నా చేతికిచ్చారు. “రెండువేల ఎనిమిది. మే పంతొమ్మిది తియ్యి. పైకి చదువు, నాకు అక్షరాలు ఆనట్లేదు.”

చదివాను. దాన్ని ఉన్నదున్నట్టుగా కింద ఇస్తున్నాను.

“కప్పు ఒలకలేదు. మధ్య, కుడి గట్టి. ఎడమ అంచు 40 నుంచి 52: ఏడు గంట్లు, బురద. కారణం 2002 చలికాలపు మంచు గోడ. దాని కింద నేలకు చలి అందలేదు, వేసవిలో గడ్డనేల లోతుదాకా కరిగింది, మళ్లీ పూర్తిగా కట్టుకోలేదు. ఇక్కడ చక్రం దిగితే విమానం తిరగబడుతుంది. మూశాను. ప్రోకోపీ అన్న సంగతి తెలుసు. కారణం ప్రోకోపీకి చెప్పకూడదు.”

చివరి వాక్యం రెండుసార్లు చదివాను. గోడ తీసిన రెండు రోజులూ, మేజోళ్ల వేళాకోళాలూ, ఆమె మోకాళ్ల బురదా ఒక్కసారిగా మీద పడ్డాయి. కూర్చోవడానికి కుర్చీ ఎక్కడుందో కనిపించలేదు.

“ఎందుకు చెప్పలేదు?” అన్నాను.

“ఏమని చెప్పను? అన్నని పోగొట్టుకొచ్చినోడికి, నీ పార వల్లేనని చెప్పనా?”

“పదేళ్లు మిమ్మల్ని తిట్టుకోనిచ్చారు.”

“తిట్టుకున్నావు. పనిలోకొచ్చావు, తిన్నావు, పడుకున్నావు. ఇది తెలిసుంటే ఇవన్నీ చేసేవాడివా?”

చేసేవాణ్ణో కాదో నాకు తెలియదు. “మరి ఇప్పుడెందుకు చదివించారు?”

“ఇప్పుడు ఎడమ అంచు నీది. ఎందుకు మెత్తనయిందో తెలియకపోతే ఎట్టా చూసుకుంటావు?”

“ఆ రోజు తెరిచుంటే విమానం నిజంగా అంచుకి వెళ్లేదా?”

“నాకేం తెలుసు? అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు,” అన్నారు. పెట్టె మూత వేస్తూ, “మీ అన్నకి నువ్వు పంపిన ఫొటో చాలా ఇష్టమటగా. మీ వదిన చెప్పింది. ఆ గోడ దగ్గరదే కదా,” అన్నారు.

పదేళ్లు ఎవరి మీద కోపం పెట్టుకున్నానో ఆవిడ తప్పేమీ లేదు. తప్పు నాదని తెలిసింది. కానీ ఆ గోడ నేను ప్రేమతో కట్టింది. వెచ్చగా ఉంచడం తప్పవుతుందని మా ఇళ్లలో పెరిగిన ఎవరికి తోస్తుంది? కృతజ్ఞత చెప్పబోతే ఏడుపు వస్తోంది, ఏడవబోతే ఆమె మీద కొత్త కోపం వస్తోంది, కోపపడబోతే సిగ్గు వస్తోంది. అభినందన వ్యాసంలో వీటిలో దేన్ని ఎక్కడ పెట్టాలో అన్ఫీసా గారి షరతుల్లో లేదు.

ఆసుపత్రికి ఐదుసార్లు ఫోను చేశాను. కొత్త తేదీ అక్టోబరు 11 అన్నారు. మళ్లీ అయిదు నెలలు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించాను, ఆమె చదవలేరన్న సంగతి మరచిపోయి. చివరికి చెప్పాను. ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టారు. “అప్పటికి నేల గడ్డకట్టుద్ది. మంచిదే, కుదుపుల్లో పోవచ్చు,” అన్నారు.

కనుక రేపటి సభలో మన సన్మాన గ్రహీత, విమానం లేని కారణంగా, తొందర లేకుండా ఆసీనులై ఉంటారు. విభాగం తరఫున వెండి పిడి వేసిన గుర్రపు వెంట్రుకల చామరాన్ని ఆమెకు సమర్పిస్తాం. ఈ వేసవి దోమలను ఆమె ఇక్కడే తోలుకోవలసి ఉంటుంది, అందుకు కారకుణ్ణి నేనే. ముప్పై నాలుగేళ్లలో ఆమె సంతకం కింద మా రన్‌వే మీద ఒక్క చక్రమూ దిగబడలేదని రికార్డులు నిర్ద్వంద్వంగా చాటుతున్నాయి. ఈ వ్యాసంలో నాకు సందేహం లేని వాక్యం అదొక్కటే.

ఫెవ్రోనియా యెగోరొవ్నా గారికి అక్టోబరులో రెండు కళ్లూ తేటపడాలని, ఆ చూపుతో తమ నోట్‌బుక్కులన్నీ తామే చదువుకోవాలని, గట్టి నేల మీద గట్టి కాళ్లతో నూరు చలికాలాలు చూడాలని విభాగం సిబ్బంది, కుటుంబ సభ్యులు అందరి పక్షాన మనసారా కోరుకుంటున్నాను. రన్‌వే తెరిచే ఉదయం నా బల్ల మీద అట్టు పెట్టడం మరచిపోవద్దని వ్యక్తిగతంగా వేడుకుంటున్నాను. ఈసారి నేనే తింటాను. ఎడమ అంచు ఇక నేను చూసుకుంటాను, అక్కా.